వంశం సంగతి సరే, వాగు సంగతేంటి?

కిడ్నీ పాడైన మనిషి కనిపిస్తే ఈమధ్య ఒక మాట తగిలించి పంపుతున్నారు: ‘అది మీ వంశంలోనే ఉంది.’ మా దగ్గర పెట్టిన ఒక వైద్య శిబిరంలో అన్నదమ్ములిద్దరికీ క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. తల ఎత్తకుండానే చీటీ మీద వంశపారంపర్యం అని రాసేశారు. ఏ బోరు నీళ్లు తాగారు, ఎన్నేళ్లు కెమికల్ డ్రమ్ములు కడిగారు అని ఒక్కరూ అడగలేదు. ఒకే తల్లి బిడ్డలు ఒకే బోరు నీళ్లు కూడా తాగుతారు కదా!

జన్యువుల మాట అబద్ధమని మేం అనడం లేదు. కిడ్నీల నిండా నీటితిత్తులు పుట్టే జబ్బు ఉంది. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అలాంటి ఇళ్లవాళ్లు స్కానింగ్ చేయించుకోవాల్సిందే, దాచుకోవద్దు. యూమాడ్ లాంటి జన్యువుల్లో చిన్న తేడాలు కూడా ముప్పును కొంచెం పెంచుతాయి, కొంచెం తగ్గిస్తాయి. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో ఏపీఓఎల్1 అనే జన్యువు మార్పులు కిడ్నీకి చేటని 2010లో తేలింది. అతినిద్ర జబ్బు నుంచి కాపాడే మార్పులే అవి (మన పశువులకొచ్చే సర్రాకు దగ్గరి చుట్టం ఆ జబ్బు). కానీ ఆ మార్పు అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి కిడ్నీలు చెడవు. హెచ్ఐవీ లాంటి ఇంకో దెబ్బ తగిలినప్పుడే ముప్పు బాగా పెరుగుతుంది.

ఇది రైతుకు కొత్త సంగతి కాదు. చౌడు మడిలో ఒక రకం వరి తట్టుకుంటుంది, ఇంకోటి మాడిపోతుంది. అంతమాత్రాన మడిలోకి రసాయనం వదిలినవాడు విత్తనం మీద నెపం వేస్తే ఒప్పుకుంటామా? తట్టుకోలేని రకం ఉందంటే విషం ఇంకా ముందే ఆపాలి.

ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటల రైతులు ఏళ్ల తరబడి డయాలసిస్ మంచాల మీదున్నారు. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లో చెరకు కోసే కూలీలదీ, శ్రీలంకలో వరి రైతులదీ అదే గోడు. వీళ్ల వంశాలు వేరు, దేశాలు వేరు. కలిసేది ఎండలో చాకిరీ, దాహం, పురుగుమందులు, తాగే నీళ్లు. ఉద్దానంలో అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా 2023 డిసెంబరులో రూ.700 కోట్ల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. నీళ్లివ్వడానికి జన్యువు లెక్క తేలాల్సిన పని లేదన్నమాట.

ఇక మన బొల్లారం, పటాన్‌చెరు. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. డాక్టర్ కిషన్‌రావు గారి లాంటి వాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. పంట నష్టానికి పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి చేశాక! మన తాతల జన్యువులే మనకొచ్చాయి, రెండు తరాల్లో అవి మారిపోవు. తాతలు దోసిలితో తాగిన వాగు మారింది.

షుగరు, బీపీ కూడా కిడ్నీని తింటాయి. నొప్పులకని రోజూ మింగే గోళీలు కూడా అంతే. వాటినీ లెక్కలో వేయండి, మాకు అభ్యంతరం లేదు. ఒక్క కారణమే రాసి మిగతావి కొట్టేస్తే మాత్రం ఊరుకోం.

మా డిమాండ్ చిన్నది. నక్కవాగు, ఇసకవాగు ఒడ్డు ఊళ్లలో ఇంటింటికీ వచ్చి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షించాలి. ప్రతి చీటీలో వంశం పక్కనే బోరు ఎక్కడిది, ఎన్నేళ్లు ఎక్కడ పనిచేశారు అన్నవి కూడా రాయాలి. బోరు నీళ్లలో ఆర్సెనిక్, కాడ్మియం, సీసం ఎంతున్నాయో కొలిచి పంచాయతీ, మున్సిపాలిటీ గోడల మీద తెలుగులో అతికించాలి. ఈ నెల మన గ్రామ కమిటీలు ఈ వినతిపత్రం మీద సంతకాలు సేకరిస్తాయి. సంతకంతో పాటు మీ బోరు వేసిన సంవత్సరం, దాని లోతు రాసివ్వండి.