మా ఇంట్లో ‘చంటబ్బాయి’ ఆట

1986 ఆగస్టు 22న విడుదలైన జంధ్యాల గారి ‘చంటబ్బాయి’కి 2026లో నలభై ఏళ్లు. ఆ వంకన ముసురు పట్టిన ఓ ఆదివారం మా లంబసింగి ఇంట్లోనే ఒక ఆట వేసుకున్నామండీ. మా అబ్బాయి ఫోను టీవీకి తగిలించాడు. బొగ్గుల కుంపటి చుట్టూ అత్తయ్య, నా తోడికోడలు, పక్కింటి పిల్లలు చేరారు. ఉడికించిన శనగలకు ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి గిన్నెలకెత్తాను. (శనగలు రాత్రే నానబోసుకోండి, లేకపోతే గ్యాసు దండగ.)

మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవలే ఈ సినిమాకు ఆధారం. 1983లో ‘ఖైదీ’ వచ్చాక జనం చిరంజీవి దగ్గర ఫైట్లు కోరుకునేవారు. ఇందులోనేమో ఆయన అన్నీ తప్పులు చేసే డిటెక్టివు పాండురంగారావు. పేరు మాత్రం జేమ్స్ పాండ్! అందుకే కాబోలు, అప్పట్లో దక్కాల్సినంత పేరు దక్కలేదు. ఒక పాటలో ఆయన చార్లీ చాప్లిన్ వేషం కడితే, పక్కింటి బుడ్డోడు కర్ర పట్టుకుని అలాగే నడిచాడు. లండనులో పుట్టిన ఆ చాప్లిన్ నడక మా కొండ మీద కూడా నవ్వించింది చూడండి. విశాఖ సముద్రం కనిపించినప్పుడల్లా పిల్లలు ముందుకు జరిగారు. వాళ్లలో ఇద్దరు ఇంకా నర్సీపట్నం దాటి ఎరగరు.

ఇక శ్రీలక్ష్మి గారు. కవితలు అచ్చు వేయమని ఎడిటరు వెంటపడుతుంది, తను కనిపెట్టిన వింత వంటలు తెచ్చి తినిపిస్తుంది. చిన్నప్పుడు కడుపు పట్టుకుని నవ్వాను. ఈసారి నవ్వు సగంలోనే ఆగింది. నేను మొట్టమొదట రాసి పంపిన గుమ్మడికాయ పులుసు ఒక పత్రిక నుంచి తిరిగొచ్చిన రోజు, ఆ కవరును బియ్యం డబ్బా వెనక దాచాను మరి! శ్రీలక్ష్మి గారి నటనకు వంక పెట్టను, ఆవిడ లేకపోతే సినిమాలో సగం ఉప్పు పోతుంది. కానీ రాసే ఆడది కనబడితే చాలు, నవ్వులాటే ఎందుకవ్వాలో నాకు మింగుడు పడలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో అత్తయ్య, “పాపం, ఒక్కటి వేసేస్తే వాడి సొమ్మేం పోయిందర్రా?” అన్నారు. అందరం గొల్లుమన్నాం. నా తోడికోడలు మాత్రం నవ్వలేదు.

“ఏమే, అలా ఉన్నావు?” అన్నాను.

“నేనూ రాస్తానక్కా. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో,” అంది మెల్లిగా.

పన్నెండేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం, ఆ పుస్తకంలో నేనూ రోజూ లెక్క వేస్తాను. ఒక్కసారైనా తిరగేసి చూసుకోలేదు!

కొవ్వొత్తి వెలిగించి పుస్తకం తెప్పించాను. వలిసె పూల మీద ఒకటి, వాళ్ళమ్మ చేతి గాజుల మీద ఒకటి చదివింది. రెండోది చదువుతుంటే గొంతు వణికింది. అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకుని, “మళ్ళీ చదువమ్మా,” అన్నారు.

కరెంటు వచ్చింది. అసలు చంటబ్బాయి ఎవరో తేలాలని పిల్లలు ఒకటే గోల. వాళ్లను కాసేపు ఆగమన్నాం.