‘తగ్గిపోయింది’ అని పంపేశాక

‘కిడ్నీ జబ్బుకి ఆడా మగా తేడా లేదు మేడమ్’ అన్నారు ఒక డాక్టరుగారు నాతో. జబ్బుకి లేకపోవచ్చు. ఇంటికి ఉంది, ఆస్పత్రికి ఉంది.

ఉద్దానంలో ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు, జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే ఒకామె నాతో, ‘నాకేటమ్మా, బాగానే ఉన్నాను. ఆయన్ని సూడండి’ అంది. భర్తకి డయాలసిస్ జరుగుతోంది. ఆమె పాదాలు వాచి ఉన్నాయి. మాటల్లో తేలిందేమిటంటే, రెండో కాన్పులో రక్తం విపరీతంగా పోయి, మూత్రం ఆగిపోయి, ఆమెకీ రెండుసార్లు డయాలసిస్ చేశారు. ‘తగ్గిపోయింది’ అని ఇంటికి పంపారు. మళ్లీ రమ్మని ఎవరూ చెప్పలేదు.

ఆ మాటనే నేను ప్రశ్నిస్తున్నాను. కిడ్నీలు గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా దెబ్బతింటే దాన్ని తీవ్ర వైఫల్యం అంటారు. వెంటనే వైద్యం అందితే చాలావరకు కోలుకుంటాయి. దెబ్బ మూడు నెలలు దాటి నిలిచిపోతే అది దీర్ఘకాలిక వ్యాధి. పోయిన శక్తి తిరిగి రాదు. వైద్య పుస్తకాల్లో ఇవి రెండు అధ్యాయాలు. స్త్రీ శరీరంలో మాత్రం ఒకే కథ. కాన్పులో రక్తస్రావం, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, చాటుగా చేయించుకున్న గర్భస్రావం వల్ల చీము పట్టడం, ఇవన్నీ కిడ్నీలను హఠాత్తుగా దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్నవారికి దీర్ఘకాలిక వ్యాధి ముప్పు ఎక్కువ. మన లెక్కల్లో తల్లి బతికింది, బిడ్డ బతికింది, ఫైలు మూసేశారు!

పరీక్ష చేసినా మోసం ఉంది. రక్తంలో క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. చివర మిగిలింది తిని చిక్కిపోయిన ఆడమనిషికి కండ తక్కువ. కాబట్టి కిడ్నీలు చెడినా అంకె ‘నార్మల్’గానే కనిపించవచ్చు. ఆకలే జబ్బుని దాచిపెడుతుందన్నమాట.

అనేక దేశాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి స్త్రీలలోనే ఎక్కువ, డయాలసిస్ బల్లల మీద పురుషులు ఎక్కువ. పురుషుల్లో జబ్బు త్వరగా ముదరడం అందుకు ఒక కారణమే. అదొక్కటే అని సరిపెట్టుకోలేం. ఎందుకంటే కిడ్నీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు వరస తిరగబడుతుంది. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు, పుచ్చుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. 1994 చట్టం భార్యను ‘దగ్గరి బంధువు’ అంది, ఆమె అంగీకారం తప్పనిసరి అంది. కాదంటే ఆ ఇంట్లో ఆమెకి చోటుంటుందా అని మాత్రం అడగలేదు. అలాంటి అంగీకారాన్ని త్యాగమని పొగడటం నాకు చేతకాదు.

ఉద్దానంలో జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. డయాలసిస్ కేంద్రాలు, పింఛన్లు వచ్చాయి. అవి జనం గొంతెత్తి సాధించుకున్నవే. కానీ అవి జబ్బు ముదిరాక అందేవి. అంతకంటే ముందు మనం అడగాల్సినవి ఉన్నాయి. కాన్పులోగానీ గర్భస్రావంలోగానీ కిడ్నీ దెబ్బతిన్న ప్రతి స్త్రీకీ, బీపీ పెరిగిన ప్రతి బాలింతకీ మూడు నెలలకు రక్తంతో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఆస్పత్రి బాధ్యతగా జరగాలి. డయాలసిస్, కిడ్నీ మార్పిడి లెక్కలను ఆడ, మగ విడివిడిగా జిల్లాల వారీగా ప్రకటించాలి. కిడ్నీ ఇచ్చే స్త్రీతో కుటుంబం లేనిచోట, ఒంటరిగా మాట్లాడాలి.

2018లో ప్రపంచ కిడ్నీ దినం మార్చి 8నే వచ్చింది. స్త్రీల ఆరోగ్యమే ఆ ఏటి అంశం. ఆ రోజు దాటిపోయింది. ‘ఆయన్ని సూడండి’ అన్న ఆమెను ముందు చూడాల్సిన పని అలాగే ఉంది.