పీవీసీ పైపు స్పేర్ పార్టు కాదు బాబూ

పాత స్పేర్ పార్టులతో పంపు పెయింట్‌బాల్ గన్ను సొంతంగా కట్టుకోవడం మీద నాకేం పేచీ లేదు. ముందుపిడి వెనక్కి లాగి తోస్తే ఒకే గుండు, అంతే యంత్రం. అసలీ గన్ను పుట్టిందే చెట్లకీ పశువులకీ రంగు గుర్తులు వెయ్యడానికి. 1981లో న్యూ హాంప్‌షైర్‌లో పన్నెండుమంది దాన్ని ఆటకెక్కించారు. (మా అనంతపురం గొర్రెలకి చేత్తో పూసిన రంగు చాల్లెండి.)

నా తగువల్లా "బోరుకి వేసిన పైపు ముక్క మిగిలుంది, గ్యాసుకి సరిపోద్ది" అనే మన ఇంజినీర్లతోనే. అయ్యా, ఆ పైపు మీద అచ్చేసిన 6 కిలోలు, 10 కిలోలు నీటి లెక్క. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో 20 డిగ్రీల దగ్గరే 57 బార్! పూర్తి మోతాదులో నింపినదైతే 40 డిగ్రీలకి వంద దాటుతుంది. మా ఊళ్ళో ఏప్రిల్‌కే నలభై. పైగా వేడికి పీవీసీ బలం తగ్గుతుంది, పగిలితే పెంకులై ఎగురుతుంది. డ్రిప్పు పైపుకి మోటారు వేలాడదీసే బోరు మెకానిక్‌ని నేనింతవరకూ చూళ్ళేదు. బీటెక్ చదివిన మనకెందుకు తట్టదో!

జుగాడ్ అని చప్పట్లు కొట్టేవాళ్ళు 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఏమైందో చదవండి. పైపులతో చేసిన కార్బైడ్ గన్నులు ఎంతమంది పిల్లల కళ్ళు పొట్టన పెట్టుకున్నాయో! కోడ్ చెడితే రోల్‌బ్యాక్ చేస్తాం, కంటికి అదేదీ?

పిడి, స్ప్రింగు, ట్రిగ్గరు మీ ఇష్టం. సిలిండరు, వాల్వు, రెగ్యులేటరు మాత్రం పరీక్ష చేసి ముద్ర వేసినవే కొనండి. మొదటి గుండు క్రోనోగ్రాఫ్ ముందు కాల్చండి. సెకనుకి 300 అడుగులు దాటితే స్ప్రింగు మార్చండి. మాస్కు సంగతి కూడా నేనే చెప్పాలా?