‘అది గ్రానైట్, నాది పలక’ అంటే నెగ్గుతారా?

మీది దర్శి, చదివేది ఇంజినీరింగ్ అనుకుందాం. మార్కాపురంలో పలకలు కోసేచోట లేచే దుమ్ము చూసి, రంపం మీద సన్నగా నీళ్లు చిమ్మే పరికరం తయారుచేశారు. పేటెంట్‌కు దరఖాస్తు పెడితే చెన్నై కార్యాలయం కాదంది. కారణం, నీళ్లు పోస్తూ గ్రానైట్ కోసే పాత యంత్రం! ‘అది గ్రానైట్, నాది పలక. దానికీ దీనికీ పోలికేంటి?’ అని మీకు ఒళ్లు మండుతుంది. అప్పీలులో అసలు వాదన అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో ఈ తగువు చాలాసార్లు కోర్టుకెక్కింది. బిజియో అనే ఆయన హెయిర్‌బ్రష్‌కు పేటెంట్ అడిగితే, అధికారులు పాత టూత్‌బ్రష్ పేటెంట్లు చూపించారు. పళ్లెక్కడ, జుట్టెక్కడ అని నవ్వొస్తుంది కదా! కానీ 2004లో అప్పీలు కోర్టు అధికారుల మాటే నిలబెట్టింది. నిర్మాణం, పనితీరు దగ్గరగా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే రంగమంది.

1992 నాటి క్లే కేసులో ఫలితం తిరగబడింది. ఆయనది చమురు ట్యాంకు అడుగున తోడటానికి అందని ఖాళీని జెల్‌తో నింపే పద్ధతి. అధికారులు చూపించిందీ జెల్లే, అయితే అది భూగర్భంలో రాతిపొరల నుంచి చమురు రాబట్టడానికి వాడేది. రంగమూ వేరే, తీర్చే సమస్యా వేరే అని కోర్టు దాన్ని పక్కనపెట్టింది. రంగం ఒకటే అయితే పాతది లెక్కలోకి వస్తుంది. రంగం వేరైనా అదే సమస్యను తీర్చేదైతే వస్తుంది. ఈ రెండూ కాకపోతేనే రాదు.

మన దగ్గర ప్రశ్న ఇంకాస్త సూటిగా ఉంటుంది: ఆ పని తెలిసినవాడికి ఇది ఇట్టే తట్టేదేనా? గిన్నెలను లేత్ మీద బిగించి చెక్కే పద్ధతిపై తీసుకున్న పేటెంట్‌ను 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలిసిన లేత్ భాగాలనే వాడుకున్నారు, వర్క్‌షాపులో చేసుకునే మార్పు కంటే ఎక్కువేం లేదంది.

2021లో మేధో సంపత్తి అప్పీలు బోర్డు రద్దయింది. ఇప్పుడు తిరస్కరణపై అప్పీలుకు హైకోర్టుకే వెళ్లాలి, గడువు మూడు నెలలు. ఈ పనిలో దిగాలనుకునేవారికి పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. 21 ఏళ్లు నిండి, సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే రాయొచ్చు, లా చదవక్కర్లేదు.

మళ్లీ మీ పరికరం దగ్గరికొద్దాం. గ్రానైట్ వేరు అన్న వాదన నిలవడం కష్టం, ఎందుకంటే రెండుచోట్లా సమస్య దుమ్మే. అయితే పలక పొరలు పొరలుగా ఉండే రాయి. పొరల్లోకి నీరు దిగకుండా, దుమ్ము అణిగేంత మేరకే చిమ్మే ఏర్పాటు మీ పరికరంలో ఉంటే, అది ఆ పాత యంత్రంలో కనిపించకపోతే, మీ అప్పీలు మొదటి పేజీలో రాయాల్సింది అదే.