పోలిక లేని కరుణ

సింక్లెయిర్ లూయిస్ రాసిన ‘ఏరోస్మిత్’ నవలను నేను మొదటిసారి చదివింది గుంటూరు వైద్య కళాశాల హాస్టల్లో, ఇరవయ్యో ఏట. రెండోసారి చదివింది 2020 వేసవిలో, మిషిగన్‌లో, కరోనా మొదటి ఉధృతి తగ్గి రాత్రి డ్యూటీలు కాస్త తెరిపి ఇచ్చిన రోజుల్లో. ఇరవయ్యో ఏట ఆ పుస్తకం నాకొక సాహసగాథ. యాభై దాటాక అదే పుస్తకం నా పేరు మీద రాసిన అభియోగపత్రంలా కనిపించింది.

1925లో వెలువడిన ఆ నవలలో మార్టిన్ ఏరోస్మిత్ అనే యువ వైద్యుడు ప్లేగు సూక్ష్మజీవిని చంపే ఫేజ్‌ను వెంటపెట్టుకుని ఒక కరీబియన్ దీవికి వెళతాడు. ఫేజ్ అంటే బాక్టీరియా మీద పడి బతికే వైరస్. అతని గురువు గోట్లీబ్ పెట్టిన నియమం ఒక్కటే: సగం మందికి మందు ఇవ్వు, మిగతా సగానికి ఇవ్వకుండా గమనించు, అప్పుడే నిజం తేలుతుంది. మార్టిన్ మొదట ఆ నియమానికి కట్టుబడే ఉంటాడు. భార్య లియోరా అదే ప్లేగుతో కన్నుమూశాక అతని నిబ్బరం చెదిరిపోతుంది. నియమాన్ని పక్కకు నెట్టి అందరికీ మందు ఇచ్చేస్తాడు. కొన్నాళ్లకు ప్లేగు తగ్గుతుంది. మందు వల్ల తగ్గిందా, తన గడువు తీరి తగ్గిందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల అవకాశాన్ని అతనే చేజేతులా పోగొట్టుకున్నాడు. లోకం అతన్ని వీరుడిగా ఎత్తుకుంటుంది. చేసిన తప్పు ఒప్పుకుందామని గురువు దగ్గరికి వెళితే, మతి తప్పిన ఆ ముసలాయనకు శిష్యుడు చెప్పేది అర్థం కాదు. నవలకు కావలసిన శాస్త్ర విషయాలను అందించిన పాల్ డి క్రుయిఫ్ మా మిషిగన్ వాడే, జీలాండ్ అనే ఊళ్లో పుట్టినవాడు.

ఇక నా సంగతి. 2020 మార్చి 28న ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అత్యవసర అనుమతి ఇచ్చింది. మలేరియాకు, కీళ్లవాతానికి వాడే పాత మందు అది. పరీక్షనాళికలో కరోనా వైరస్‌ను అణచిందని చెప్పారు. మా వార్డులు నిండిపోయాయి, రోగుల బంధువులకు లోపలికి ప్రవేశం లేదు, మా చేతుల్లో వేరే ఆయుధమూ లేదు. నేను ఆ మందు రాశాను. ఒకరికి కాదు, చాలామందికి రాశాను. వాళ్లలో ఒక రిటైరైన బస్సు డ్రైవర్ కోలుకుని ఇంటికి వెళ్లాడు. మీరిచ్చిన మందు మా నాన్నను బతికించిందని ఆయన కూతురు ఒక కార్డు పంపింది. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. చదువుకుని మురిసిపోవడానికి దాచుకున్నది కాదు అది.

అవే నెలల్లో బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హోర్బీ, మార్టిన్ లాండ్రే ‘రికవరీ’ అనే పరీక్ష మొదలుపెట్టారు. ఆసుపత్రిలో చేరిన రోగి ఒప్పుకుంటే, ఏ మందు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో, చీటీ వేసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. జూన్ 5న వాళ్లు మొదటి ఫలితం ప్రకటించారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్న 1,561 మందిలో 28 రోజుల లోపల చనిపోయినవారు నూటికి 27 మంది. ఆ మందు లేకుండా మామూలు వైద్యం పొందిన 3,155 మందిలో నూటికి 25 మంది. మందు వల్ల ఒక్క ప్రాణం కూడా అదనంగా దక్కలేదు. పది రోజుల తర్వాత ఇక్కడ అనుమతి రద్దయింది.

ఆ లెక్కను మరోవైపు నుంచి చూడండి. మందు ఇవ్వని వందమందిలో 75 మంది బతికి ఇంటికి వెళ్లారు, లేదా ఆ దారిలో ఉన్నారు. ఆసుపత్రి మంచం ఎక్కేంత జబ్బు చేసినవాళ్ల సంగతే ఇది. అంటే ఆ రోజుల్లో నేను రోగులకు గ్లాసెడు మజ్జిగ ఇచ్చి ఉన్నా, నూటికి 75 మంది నాకు కృతజ్ఞతలు చెబుతూ వెళ్లి ఉండేవారు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక నాటుమందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు, ఇక్కడి డాక్టర్ మిత్రులు కొందరు ఆ వీడియోలు పంపుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఏడాది క్రితం మేము తెల్లకోటు వేసుకుని చేసిందీ అదే. మా వరుసలో వాళ్లు దూరం దూరంగా నిలబడ్డారు, అంతే తేడా.

సాహిత్యం చదివేవాళ్లకు ఈ విషయం చెప్పడానికి నాకొక కారణం ఉంది. మందు తీసుకున్నాడు, బతికాడు అన్నది కథ. దానికి ఆరంభం, సంక్షోభం, ముగింపు ఉన్నాయి. మందు తీసుకోకుండా బతికిన మనిషికి కథ లేదు, అతని గురించి ఎవరూ కార్డు రాయరు. మనకు కథలంటే ఉన్న ఇష్టమే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. పోలిక గుంపు అంటే, ఆ కథలేని మనుషులను కూడా లెక్కలోకి తెచ్చుకోవడమే.

అదే ‘రికవరీ’ పరీక్ష జూన్ 16న మరో ఫలితం ఇచ్చింది. ఇప్పటిదాకా అత్యధిక ప్రాణాలను కాపాడిన కరోనా మందుల్లో అదొకటి. అది వైరస్ మీద పనిచేసేది కాదు. అరవయ్యేళ్లకు పైగా ప్రతి మందుల షాపులో చవకగా దొరుకుతున్న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారిలోనూ తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు జరగలేదు, కీడు జరిగే సూచన కూడా కనిపించింది. ఒకే మందు, ఒకే జబ్బు. రోజును బట్టి ఒకరికి ప్రాణం పోసింది, మరొకరికి ఎందుకూ కొరగాలేదు. ఇది పోలిక లేకుండా ఏ మహావైద్యుడి కంటికీ ఆనేది కాదు.

దీని వెనుక ఉన్న తర్కం సులభమైనదే. మొదటి వారంలో వైరస్ పిల్లలు పెడుతుంది. లక్షణాలు బయటపడే వేళకు దాని సంఖ్య దాదాపు శిఖరానికి చేరి ఉంటుంది. రెండో వారంలో ఊపిరితిత్తులను పాడుచేసేది ఎక్కువగా మన సొంత రోగనిరోధక శక్తి రేపే మంటే. దొంగ వెళ్లిపోయాక కూడా ఇంట్లో కర్రసాము ఆపనివాళ్ల లాంటి వ్యవహారం. అప్పుడు వైరస్‌ను చంపే మందు ఎంత గొప్పదైనా చేయగలిగింది స్వల్పం. మంటను అణచే స్టెరాయిడ్ అప్పుడు పనికొస్తుంది, మొదటి రోజుల్లో పనికిరాదు.

రెమ్‌డెసివిర్ చరిత్ర అంతా ఈ వారాల తేడాలోనే ఉంది. కరోనా వైరస్‌ల జన్యువు దాదాపు 30 వేల అక్షరాల పొడవైన ఆర్‌ఎన్‌ఏ. రాసేటప్పుడు దొర్లిన తప్పులను చెరిపి దిద్దుకునే ఏర్పాటు కూడా వాటికి ఉంది. అందుకే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల మీద వాడే కొన్ని పాత మందులు వీటి ముందు తేలిపోయాయి. రెమ్‌డెసివిర్ తప్పుడు అక్షరంలా లోపల చేరి, ఆ తర్వాత మరో మూడు అక్షరాలు రాయనిచ్చి, అక్కడ రాతను ఆపేస్తుంది. ఎబోలా మీద ప్రయోగించి చూస్తే, కాంగోలో జరిగిన పరీక్షలో వేరే మందులు దీన్ని మించిపోయాయి. కరోనాలో 1,062 మంది మీద జరిగిన అమెరికా పరీక్షలో కోలుకునే కాలం 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 వేలకు పైగా రోగులతో చేసిన పోలికలో, వెంటిలేటర్ అవసరం పడని ఆక్సిజన్ రోగుల్లో మరణాలు నూటికి 16.3 నుంచి 14.6కి తగ్గాయి. వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఏ మేలూ కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉండి, ఇంకా ఆసుపత్రిలో చేరనివారికి మొదటి వారంలోనే మూడు రోజులు ఇస్తే, ఆసుపత్రిలో చేరే అవసరం నూటికి 87 పాళ్లు తగ్గింది. కాబట్టి అది పనికిమాలిన మందు కాదు. వేళ దాటితే పనిచేయని మందు.

2020 జూన్‌లో హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ దాన్ని ‘కోవిఫర్’ పేరుతో తెచ్చింది. 2021 ఏప్రిల్ 11న భారత ప్రభుత్వం దాని ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత కొద్ది రోజులకు, ఇక్కడ అర్ధరాత్రి వేళ, తెనాలి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బాబాయిని గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు చేసి పదకొండో రోజు, ముందురోజే వెంటిలేటర్ పెట్టారు.

“అన్నయ్యా, ఆరు ఇంజెక్షన్లు బయటి నుంచి తెచ్చుకోమంటున్నారు. ఎంతైనా పర్లేదు, ఎవరినైనా అడిగి ఇప్పించు.”

“ఇప్పుడు అది పనిచేయదు రా తమ్ముడూ. ఆక్సిజన్ సరిగా అందుతోందా, స్టెరాయిడ్ ఇస్తున్నారా, అది కనుక్కో. దాని కోసం తిరగొద్దు.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వు అక్కడుండి అలాగే చెబుతావులే అన్నయ్యా” అన్నాడు.

పిన్ని గాజులు కుదువపెట్టి నాలుగు సీసాలు సంపాదించారు. మిగతా రెండూ దొరకలేదు. బాబాయి పోయాడు. ఆ రెండూ దొరికి ఉంటే నాన్న బతికేవాడని వాడు ఈనాటికీ నమ్ముతున్నాడు. నేను కాదని చెప్పే ధైర్యం చేయలేదు. అయితే ఒక తండ్రి పక్కన కూర్చోవలసిన చివరి రెండు రోజులు కొడుకు మందుల షాపుల చుట్టూ తిరగడానికి కారణం ఎవరు? నల్లబజారు వ్యాపారి ఒక్కడే కాదు. ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో చెప్పకుండా చీటీ రాసిచ్చిన నాలాంటి వైద్యులం అందరం.

నిజంగా పనిచేసిన మాత్ర 2021 డిసెంబరులో వచ్చింది. పాక్స్‌లోవిడ్‌లోని నిర్మట్రెల్విర్, వైరస్ తన మాంసకృత్తులను ముక్కలుగా కోసుకునే కత్తెరను పట్టేస్తుంది. దానికి తోడుగా ఇచ్చే రిటోనావిర్, కాలేయం ఆ మందును త్వరగా విరగ్గొట్టకుండా అడ్డుపడుతుంది. టీకా వేసుకోని, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మొదటి ఐదు రోజుల్లో ఇస్తే ఆసుపత్రిలో చేరడం, మరణించడం నూటికి 88 పాళ్లు తగ్గాయి. అదే మందును ముప్పు తక్కువగా ఉన్నవారిలో పరీక్షిస్తే చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. మోల్నుపిరవిర్‌దీ ఇదే వరస. మధ్యంతర ఫలితంలో సగానికి సగం తగ్గుదల అన్నారు, తుది ఫలితంలో అది 30 శాతమైంది. బ్రిటన్‌లో 25 వేల మందికి పైగా, ఎక్కువమంది టీకాలు వేసుకున్నవారే, పాల్గొన్న పరీక్షలో ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య రెండు గుంపుల్లోనూ నూటికి ఒకరు చొప్పున సమానంగా తేలింది. కోలుకోవడం మాత్రం కొన్ని రోజులు ముందుగా జరిగింది.

ఇంత చదివాక కొందరు అడుగుతారు: చావుబతుకుల్లో ఉన్న మనిషికి చీటీ వేసి మందు నిరాకరించడం మానవత్వమా? న్యాయమైన ప్రశ్నే. ఏరోస్మిత్‌ను ఓడించిన ప్రశ్న కూడా అదే. పనిచేస్తుందని తెలిసిన మందును నిరాకరిస్తే అది క్రూరత్వమే. తెలియనప్పుడు మాత్రం మందు అందిన గుంపే అదృష్టవంతులని చెప్పలేము. 27కూ 25కూ తేడాను మరోసారి చూడండి. చీటీలో మందు రానివారికి మిగతా వైద్యమంతా అందింది. పైగా వాళ్ల వల్ల తర్వాతివారికి నిజం తెలిసింది. నేను మందిచ్చిన వాళ్లందరి వల్లా ఎవరికీ ఏమీ తెలియలేదు. వాళ్లు ఆ వ్యాధిని భరించిన తీరును నేను వృథా చేశాను. నా దృష్టిలో అసలు నిర్దయ అది.

వచ్చే మహమ్మారికి ముందే పెద్దాసుపత్రుల్లో ఇలాంటి పోలికలకు ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. మిషిగన్‌లోనూ, గుంటూరులోనూ. ఒప్పందపత్రాలు, నైతిక సంఘాల అనుమతులు, నమోదు పద్ధతి ముందే తయారై ఉండాలి. మొదటి రోగి చేరిన వారంలోనే పరీక్ష మొదలుకావాలి. బ్రిటన్ అలాంటి పరీక్షను చేసి చూపింది, అసాధ్యమైన పనేమీ కాదు.

ఇంట్లో అరవై అయిదు దాటినవారు, అవయవ మార్పిడి జరిగినవారు, కాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉంటే, జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే పరీక్ష చేయించి, పాక్స్‌లోవిడ్ గురించి డాక్టరును అడగండి. వాడుతున్న మందులన్నీ చెప్పండి, ఎందుకంటే కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, మార్పిడి రోగుల టాక్రోలిమస్ వంటివాటితో రిటోనావిర్‌కు పొసగదు. పదో రోజున ఎవరికీ ఫోన్ చేయవలసిన పని పడకూడదు.

ఆ బస్సు డ్రైవర్ కూతురికి నేనింకా జవాబు రాయలేదు. రాస్తే ఒకటే రాయాలి: మీ నాన్న తన శక్తితోనే బతికాడమ్మా, నర్సులూ ఆక్సిజనూ తోడుగా. నా మందుకు అందులో భాగం లేదు.