వినబడుట వేరు, వినుట వేరు



రెండేండ్ల క్రిందట మా యత్తగారిని రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి వినికిడి యంత్రము పెట్టించితిమి. ఎదుట కూర్చుండి పలికినచో ప్రతిమాటయు ఆమెకు వినబడును. గడచిన సంక్రాంతికి కోనసీమనుండి బంధువులు వచ్చి యిల్లు నిండెను. భోజనములు ముగియకమునుపే ఆమె యంత్రమును తీసి డబ్బాలో నుంచి, గోడవైపు తిరిగి పండుకొనిరి.

“ఇంత ఖరీదు పెట్టి కొన్నది డబ్బాలో దాచడానికా అత్తయ్యగారూ?” అని మేము నిష్ఠురమాడితిమి.

“వినబడుతూనే ఉందమ్మా, వినే ఓపికే లేదు” అనిరి.

ఆ మాటలోని సత్యము పిమ్మట శాస్త్రజ్ఞుల పరిశోధనలను చదివినప్పుడుగాని మాకు బోధపడలేదు. యంత్రము ధ్వనిని హెచ్చించును గాని, లోచెవిలో చెడిన సూక్ష్మకణములను బాగుచేయజాలదు. అందుచే మాటలు మెదడునకు అరకొరగా చేరును. పురుగు తినిన తాటాకు ప్రతిని చదువువారు పోయిన యక్షరములను ఊహించి పూరించుకొందురు గదా! పద్యము తెలియును, బుద్ధి యలసిపోవును. రొదలో వినువారి పాటును అట్టిదే.

ఈ శ్రమను కొలుచుటకు నేడు ప్రయత్నములు జరుగుచున్నవి. మానవుని మెదడులోని విద్యుత్తరంగములను 1924లో మొదటిసారి నమోదుచేసి, 1929లో లోకమునకు వెల్లడించినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. ఇప్పుడు యంత్రము ధరించినవారి తలకు సన్నని లోహపు బిళ్లల నమర్చి, రొదనడుమ వాక్యములను వినిపించి, సెకనుకు 8 మొదలు 12 మారులు కదలు ‘ఆల్ఫా’ తరంగముల హెచ్చుతగ్గులను పరిశీలించుచున్నారు. కనుపాప విరివిని కూడ కొలుతురు. శ్రమ పెరిగినకొలది కనుపాప విచ్చుకొనును. శ్రమ మితిమీరి, వినువారు ఆశ వదలుకొన్నచో మరల ముడుచుకొనును. మాటలను సమముగా తిరిగి చెప్పగలిగిన యిద్దరిలో ఒకరు పడిన పాటు రెండవవారికంటె మిక్కిలి హెచ్చు కావచ్చును. రొదను తగ్గించు ఏర్పాటుగల యంత్రములు ఈ శ్రమను కొంత తగ్గించునని కొన్ని పరీక్షలలో తేలినది.

ఇట్టి పరీక్షలు సామాన్య వైద్యశాలలలో ఇంకను వాడుకకు రాలేదు. అంతవరకు ఆ శ్రమను కనిపెట్టవలసినది ఇంటివారమే. మాటాడునప్పుడు టీవీ కట్టివేయుడు. వెలుతురులో, ఎదుట కూర్చుండి, ముందు పేరుపెట్టియో వరుసపెట్టియో పిలిచి, ఒకరి తరువాత నొకరు పలుకుడు. నడుమ యంత్రము తీసి కొంతసేపు విశ్రమించినచో, అలుక యనియు గర్వమనియు తలపకుడు.

ఉగాదినాడు మేమట్లే చేసితిమి. మధ్యాహ్నము ఆమె గదితలుపు మేమే దగ్గరగా వేసితిమి. సాయంకాలము ఆమె తామే యంత్రము పెట్టుకొని వచ్చి, దీపములు పెట్టువేళ దాటువరకు అరుగుమీద మనుమలతో ముచ్చటించుచు కూర్చుండిరి.