ఉక్కున తొలిచిన రంధ్రములు

అమెరికా దేశమున షాట్‌గన్నులను ముచ్చటపడి సేకరించువారిలో పలువురు దీపములు, పట్టీలు, గురి పరికరములు, అదనపు తూటాల గూళ్లు బిగించుటయే నేర్పని భావించుచున్న ఈ కాలమున, జాన్ బ్రౌనింగు రూపకల్పన చేసిన విన్‌చెస్టర్ 1897 షాట్‌గన్ను యొక్క ‘ట్రెంచ్ గన్’ (కందకపు తుపాకి) రూపమును ఒక్కసారి శ్రద్ధగా పరికించుట మేలు. మొదటి ప్రపంచ సంగ్రామమున దాని గొట్టముపై అమర్చిన రంధ్రముల లోహపు తొడుగు, కాల్పులచే వేడెక్కిన ఇనుము సైనికుని చేతిని కాల్చకుండుటకును, ముందరి బిగింపు బాయొనెట్టు తగిలించుటకును ఏర్పడినవే గాని సొగసునకు గాదు. నేడు ఆ తొడుగునే, తూటా పేల్చని తుపాకులకు సైతము, కేవల వేషముగా తొడుగుచున్నారు. పనికివచ్చు అనుబంధమైనను జాగ్రత్త వలయును: రెమింగ్టన్ 870 షాట్‌గన్ను ప్రక్కన తూటాల పట్టీని అమర్చునపుడు మరలను మితిమీరి బిగించినచో లోపలి కదలికయే పట్టివేయునన్న సంగతి ఎందరు గమనింతురు? మరల విప్పదగిన అనుబంధమును నేనాక్షేపింపను. కాని ప్రాచీనమైన తుపాకి ఉక్కుదేహమున గురి పరికరమును బిగించు క్రొత్త పట్టాకై రంధ్రములు తొలుచుటయు, తయారీ ముద్రలను అరగదీయుటయు శాసనమును చెక్కివేయుటతో సమానమైన అపచారములు. విప్పిన ప్రతి అసలు భాగమును, అది చిన్న మరయైనను, ఏ తుపాకిదో వ్రాసి సేకర్త భద్రపరచవలయును.